గోదావరి డెల్టా క్రైస్తవ సంఘములు: పెత్తనము చేతులు మారిన తీరు

సఖినేటిపల్లి రేవున నిలిచి పడమటికి చూచినచో వసిష్ఠ గోదావరికి ఆవలి గట్టున నరసాపురము కనబడును. రాజోలు ప్రాంతమువారికి ఆ పట్టణముతో గల సంబంధము నేటిది కాదు. వ్యాపారమునకు, వైద్యమునకు, చదువులకు మనవారు ఆ రేవు దాటుచునే యున్నారు. కోనసీమలోని క్రైస్తవ సంఘములలో పెక్కింటి పుట్టుకకు కూడ ఆ గట్టుతో సంబంధము కలదు. ఆ సంఘములు ఎట్లు వెలసినవో చెప్పు గ్రంథములు కొన్ని యున్నవి. అవి ఎట్లు ఒక తరమువారి చేతినుండి మరియొక తరమువారి చేతికి వచ్చినవో చెప్పునవి అరుదు. ఈ వ్యాసము ఆ రెండవ సంగతిని గూర్చినది. మతముయొక్క మంచిచెడ్డలను విచారించుట దీని పని కాదు. ఒక సంస్థను నెలకొల్పినవారు దానిని తరువాతివారికి అప్పగించునపుడు వచ్చు చిక్కులు ఎట్టివో, పాతికేండ్ల పండుగ చేసికొనుచున్న మన గ్రంథాలయపు పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. పొరుగున నూరేండ్లకు పైగా జరిగిన అప్పగింత కథ వారికి ఆసక్తి కలిగించునని మాత్రము తలంచుచున్నాను.

ఆంటొనీ నారిస్ గ్రోవ్సు అను నాతడు ఇంగ్లండులోని ఎక్సెటరు పట్టణమున దంతవైద్యుడు. మంచి రాబడి గల వృత్తిని విడిచి 1829లో బాగ్దాదునకు మతబోధకై వెడలెను. అచట 1831లో ప్రబలిన మహామారిలో భార్యను కోల్పోయెను. 1833లో మన దేశమునకు వచ్చి కొంతకాలము తిరిగి చూచి, స్వదేశమునకు పోయి, 1836లో మరల మద్రాసు చేరినపుడు బార్న్‌స్టేపుల్ పట్టణమునుండి ఇద్దరు యువకులను వారి భార్యలతో కూడ వెంటబెట్టుకొని వచ్చెను. వారే విలియం బౌడెను, జార్జి బీరు. ఆ యోడలోనే హెర్మన్ గుండర్టు అను జర్మను పండితుడును వచ్చెను. ఈయన పిమ్మట మలయాళ భాషకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చి కేరళదేశమున పేరుగాంచెను. బౌడెను, బీరు పండితులు కారు. ఒకరు రాతిపని చేయు మేస్త్రీ, మరియొకరు చెప్పులు కుట్టువాడు. తోలుపని చేసినవాడు ఊరి నడుమ నిలిచి ధర్మము చెప్పుట ఆనాటి తెలుగు పల్లెలలో ఎంత వింతయో చదువరులు ఊహింపగలరు.

వీరు కొంతకాలము మచిలీపట్టణమున నుండి తెలుగు అభ్యసించి, ఆ పిమ్మట నరసాపురమునందును, అంతకు మునుపు డచ్చివారి వర్తకస్థానముగా నుండిన పాలకొల్లునందును కాపురము పెట్టిరి. గోదావరి డెల్టా మిషను అని పిలువబడినది ఇదియే. దీనికి వెనుకనుండి జీతమిచ్చు సొసైటీ లేదు. బిషప్పు లేడు. అభిషేకము పొందిన పాదిరి అను పదవియే వీరి మతములో లేదు. ప్రతి ఆదివారమునను విశ్వాసులందరు కూడి రొట్టె విరిచి, ఒకే గిన్నెనుండి ద్రాక్షారసము పుచ్చుకొందురు. కూడినవారిలో ఏ సహోదరుడైనను లేచి ప్రార్థింపవచ్చును, వాక్యము చెప్పవచ్చును. ఇట్టి పద్ధతిలో నాయకత్వమును అప్పగించు సమస్యయే పుట్టరాదు. అప్పగించుటకు ఒక గద్దె యున్నగదా! అయినను సమస్య పుట్టినది, మిక్కిలి గట్టిగా పుట్టినది. నాకు ఈ చరిత్రలో ముఖ్యముగా తోచిన సంగతి అదియే. పుస్తకములో లేని గద్దె వాడుకలో వెలసెను. బంగళాలో నివసించుటచేతను, కలెక్టరుతోను ఇంజనీర్లతోను ఇంగ్లీషులో మాటలాడగలుగుటచేతను, సముద్రము ఆవలినుండి వచ్చు కానుకలు తన చేతిమీదుగా పోవుటచేతను, సహోదరుడు కావలసినవాడు ‘దొరగారు’ ఆయెను.

పెత్తనమనునది ఒకే వస్తువు కాదు. ఈ మిషనుల చరిత్ర చూడగా అందులో మూడు పాళ్లున్నట్లు తోచుచున్నది. మొదటిది మాట, అనగా బోధించు అధికారము. రెండవది అన్నము, అనగా బోధకునికి జీతమెవరిత్తురు అనునది. మూడవది తాళపుచెవి, అనగా బడి, గుడి, ఆస్పత్రి, వాని క్రింది భూములు ఎవరి పేర నున్నవి అనునది. మాట త్వరగా చేతులు మారినది. అన్నము ఆలస్యముగా మారినది. తాళపుచెవి అన్నిటికంటె వెనుక మారినది. చిక్కులన్నియు ఈ వరుసలోనుండియే పుట్టినవని నా యభిప్రాయము.

గ్రోవ్సునకు ఈ చిక్కు మొదటనే కానవచ్చినట్లున్నది. మిషనరీయైనను, మతము పుచ్చుకొన్న దేశీయుడైనను ఇతరుల ధనముపై బ్రదుకరాదని తలంచి ఆయన చిత్తూరునొద్ద వ్యవసాయక్షేత్రము నేర్పరచి, పట్టుపురుగులకై మల్బరీ పెంపకము సాగించెను. అది నష్టమై అప్పులలో ముంచెను. తిరునల్వేలి సీమలో ఆయన శిష్యుడైన జాన్ అరుళప్పన్ మాత్రము సేద్యముమీద ఆధారపడి ఒక గ్రామమునే నెలకొల్పి, పరదేశపు జీతము లేకయే సంఘమును నడపెను. గురువు చేయలేనిదానిని శిష్యుడు చేసి చూపెను. అరుళప్పనునకు ఊరు, నేల, బంధువులు ఉండిరి. గ్రోవ్సునకు అవి లేవు.

గోదావరి సీమలో ఆ రోజులు మిక్కిలి గడ్డువి. 1832-33 నాటి కరవు దెబ్బనుండి జనులింకను కోలుకొనలేదు. ఏటికేడు కోట్ల ఘనపుటడుగుల నీరు సముద్రము పాలగుచుండ, పొలములు ఎండుచుండెను. ఆర్థరు కాటను దొర ధవళేశ్వరమునొద్ద 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆనకట్ట ఈ స్థితిని మార్చినది. వేలకొలది కూలీలు చేరిన ఆ పనిచోటున నరసాపురపు మిషనరీలకు బోధించుటకు వీలు చిక్కినది. గన్నవరపు అక్విడక్టు వైనతేయమును దాటించి నగరము దీవికి నీరు చేర్చిన పిమ్మట కోనసీమ పచ్చబడినది. కాలువలు నీటికే గాక ప్రయాణమునకును మార్గములాయెను. బోధకులు పడవలమీద ఊరూరు తిరుగుటకు అలవాటుపడిరి. ఆనకట్ట కలిగించిన సిరి భూమి గలవారి గాదెలలో చేరినమాట నిజమే. అయినను మాల మాదిగ వాడలవారికి ఏడాదిలో పనిదినములు పెరిగినవి. సంఘములు దట్టముగా ఏర్పడినది ఈ వాడలలోనే.

1853లో జార్జి బీరు చనిపోయెను. గ్రోవ్సు కూడ అదే యేట ఇంగ్లండులో, తన బావమరిదియైన జార్జి ముల్లరు ఇంట, కన్నుమూసెను. మిషనునకు ఇది మొదటి అప్పగింత. అది తండ్రులనుండి కుమారులకు జరిగినది. ఉభయ కుటుంబములలోను రెండవ తరమువారు ఇచటనే పెరిగి, తెలుగును తల్లిభాషవలె మాటలాడి, తండ్రుల పనిని చేపట్టిరి. విలియం బౌడెను 1876 వరకు జీవించి, నలుబదియేండ్ల అనుభవమును వారికి అందింపగలిగెను. ఆ కుమారులను తప్పుపట్టనక్కరలేదు. ఎండకు వానకు ఓర్చి, లంకలలో జ్వరములు పడి, వారు చేసిన సేవ చిన్నది కాదు. కాని ఒక ప్రశ్న అడుగక తప్పదు. పదునేడేండ్ల బోధ పిమ్మట, ఏ సహోదరుడైనను లేచి వాక్యము చెప్పవచ్చునను సంఘములో, పెద్దరికము దొరగారి యింటిలోనే ఏల నిలిచెను? మన కరణీకములు, మునసబులు తండ్రినుండి కుమారునికి పోవుచున్న కాలమది. కనుక ఊరివారికి ఇది వింతగా తోచియుండదు. వింతగా తోచకపోవుటయే ఆ యేర్పాటునకు బలమైనది.

అయితే మాట మాత్రము అప్పటికే చేతులు మారుచుండెను. దొరగారు ఊరికి ఏడాదికి ఒకటి రెండుమారులు రాగలరు. తక్కిన దినములలో వాక్యము చెప్పినవారు తెలుగు ఉపదేశులే. సంతలలోను తీర్థములలోను నిలిచి పాటతో జనులను ఆకర్షించుట, రచ్చబండ యొద్ద ప్రశ్నలకు బదులుచెప్పుట, రాత్రి దీపము వెలుగున వాడలోని పిల్లలకు అక్షరములు దిద్దించుట, పెండ్లికి చావునకు ముందు నిలుచుట, ఇవియన్నియు వారి పనులు. ఘోషా యిండ్లలోనికి దొరగారు గాని ఉపదేశి గాని పోజాలరు. అచట బైబిలు స్త్రీలు ప్రవేశించి స్త్రీలకు చదువు చెప్పిరి. వీరి పేరులు నివేదికలలో అరుదుగా కనబడును. సంఘపు పెద్దలను ఎన్నుకొను నాడు వీరికి ఓటు లేదు, పీట లేదు. నాయకత్వము చేతులు మారినదని చెప్పునపుడు ఏ చేతులకు మారలేదో కూడ చెప్పవలెను గదా.

ఇక అన్నము మాట. ఇంగ్లండులోని బాత్ పట్టణమున 1872లో ఒక పత్రిక వెలసి, ఇట్టి స్వతంత్ర మిషనరీలకు విశ్వాసులు పంపు కానుకలను చేరవేయుటకు సాధనమాయెను. నియమిత జీతమనునది లేదు. వచ్చినది వచ్చినట్లు దొరగారికి చేరును. అందులోనుండి ఆయన ఉపదేశికి ఇచ్చును. ఈ యేర్పాటులో దుర్బుద్ధి ఏమియు లేదు. కాని దాని ఫలితము చూడుడు. ఉపదేశి తన సంఘమునకు గాక దొరగారికి సంజాయిషీ చెప్పవలసినవాడాయెను. సంఘమువారు ఉపదేశిని తమవానిగా గాక మిషను ఉద్యోగిగా ఎంచిరి. అతడు తప్పుచేసినచో వారు తాము దిద్దుకొనక బంగళాకు పిటీషను వ్రాసికొనిరి. మూడవ ఫలితము ఇంకను లోతైనది. పిడికెడు బియ్యమైనను ఇచ్చి సంఘమును నిలుపవలసిన బాధ్యత తమదని వారికి తోచలేదు.

ఈ దోషమును దూరముననుండి చక్కగా చూచినవాడు లండనులో చర్చి మిషనరీ సొసైటీకి 1841 మొదలు 1872 వరకు కార్యదర్శిగానున్న హెన్రీ వెన్ను. సంఘము తన్ను తాను పోషించుకొనవలెను, తన్ను తాను పాలించుకొనవలెను, తన్ను తాను వ్యాపింపజేసికొనవలెను. అది జరిగిననాడు మిషనరీ అచటినుండి తొలగి మరియొక చోటికి పోవలెను అని ఆయన సిద్ధాంతము. మేస్త్రీలు గోడ లేచిన పిమ్మట పరంజాను విప్పివేయుదురు గదా, మిషను అట్టి పరంజా. తూర్పున కోస్తా అంతటను ఈ సిద్ధాంతమును అందరు మెచ్చుకొనిరి. పరంజా మాత్రము అట్లే నిలిచియుండెను.

రాజమహేంద్రవరపు లూథరను మిషను కథలో మరియొక విధమైన అప్పగింత కానవచ్చును. ఉత్తర జర్మనీవారి మిషను 1845 ప్రాంతమున అచట వాలెట్టు అను నాతనితో పని మొదలుపెట్టినది. ఐరోపాలోని అలజడులవలన ఖర్చు భరింపలేక 1850-51 ప్రాంతమున దానిని గుంటూరులోనుండిన అమెరికా లూథరనులకు ఒప్పగించినది. ఆ దేశపు అంతర్యుద్ధముచేత వారికిని శక్తి తగ్గెను. 1869 నాటికి రాజమహేంద్రవరమును చర్చి మిషనరీ సొసైటీవారికి ఇచ్చివేయుటకు మాటలు పూర్తియగుచుండెను. అనగా ఇరువదియైదేండ్లలో ఒక సంఘము మూడవ యజమానిని చేరబోవుచుండెను. ఆ సంఘములోని తెలుగువారిని ఎవరైనను అడిగిరా? అడిగినట్లు కానరాదు.

ఆ సమయమున జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు అను వృద్ధుడు అడ్డుపడెను. 1842 జులై 31న గుంటూరు చేరి ఆంధ్రదేశమున లూథరను మిషనును నెలకొల్పినవాడు ఆయనయే. నడుమ స్వదేశమునకు పోయి వైద్యపట్టము పుచ్చుకొని తిరిగివచ్చి, పల్నాటిలో పనిచేసి, 1857లో అమెరికా చేరియుండెను. పెన్సిల్వేనియాలోని రెడింగు పట్టణమున 1869లో జరిగిన సభలో, తన డెబ్బదియారవ యేట, రాజమహేంద్రవరమును విడిచిపెట్టవలదనియు, తగిన యువకుడు దొరకువరకు తానే పోయి కాపాడుదుననియు చెప్పెను. ఆ డిసెంబరు నెలలోనే రాజమహేంద్రవరము చేరెను. 1870 ఆగస్టులో ష్మిట్టు అను యువకుడు వచ్చెను. హయ్యరు అతనికి పనిని చూపి, అప్పగించి, 1871 ఆరంభమున వెడలిపోయెను. 1873 నవంబరులో మరణించెను.

వయసుమీరిన పిమ్మట గద్దెను పట్టుకొని వ్రేలాడినవారిని మనమందరము ఎరుగుదుము. తరువాతివానిని కూర్చుండబెట్టుటకే తిరిగివచ్చి, కూర్చుండబెట్టిన కొలది నెలలలోనే లేచిపోయినవారు అరుదు. హయ్యరు నాకు మిక్కిలి పూజ్యుడు ఇందువలననే. అయినను ఆయన వెదకిన వారసుడు కూడ సముద్రము ఆవలినుండియే రావలసివచ్చినదని మరువరాదు.

కాకినాడలో జరిగినది దీనికి తలక్రిందు. అచట బాప్టిస్టు సంఘమును ఆరంభించినవాడు థామస్ గాబ్రియేలు అను తెలుగువాడు, తంతితపాలాలో ఉద్యోగము చేసినవాడు. ఉద్యోగము వదలి, పరదేశపు సొసైటీ ఏదియు లేక, బోధకులను కూడగట్టి పని సాగించెను. ఖర్చులు పెరిగినవి, అప్పులు పెరిగినవి. తుదకు కెనడా బాప్టిస్టులను పిలిచెను. జాన్ మెక్లారిన్ 1874 మార్చి 12న కాకినాడ చేరి ఆ పనిని చేతికి పుచ్చుకొనెను. 1875 జనవరి 1న గాబ్రియేలు చనిపోయెను. కెనడా మిషను కథ 1874తోనే ఆరంభమైనట్లు సామాన్యముగా చెప్పుదురు. నిజమునకు అది తెలుగువాడు దొరకు ఇచ్చిన అప్పగింత. మాట ఆయనకు సమృద్ధిగా నుండెను, ధైర్యమును ఉండెను. అన్నము లేకపోయెను. ఆనాడు కాకినాడ రేవు వర్తకముతో కళకళలాడుచుండెను. ఆ సంఘమును నిలుపుటకు చాలినంత ధనము ఆ పట్టణమున లేకపోలేదు. అది సంఘములో చేరినవారి చేతులలో లేదు. మెక్లారిన్ పేర కాకినాడలో ఉన్నతపాఠశాల కలదు. గాబ్రియేలు పేరు చరిత్ర చదువువారికి మాత్రమే తెలియును.

ఇరువదవ శతాబ్దిలో ఆంధ్రదేశపు చూపంతయు దోర్నకలువైపు తిరిగినది. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత చందాలతో ఒక మిషనరీ సంఘము నేర్పరచి, తెలుగుసీమకు బోధకులను పంపిరి. దాని వెనుకనున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య అను తమిళుడు 1910లో ఎడింబరోలో జరిగిన మిషనరీల మహాసభలో, తెల్లవారు ధనమును, శ్రమను, ప్రాణములను సైతము ఇచ్చిరి గాని దేశీయులకు స్నేహమును ఇయ్యలేదని నిర్మొగమాటముగా చెప్పెను. సభలో కొందరు నొచ్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికను సంఘమున భారతీయుడు బిషప్పగుట అదియే మొదలు. ఆయన తెలుగు నేర్చి, ఎద్దుబండిమీదను, సైకిలుమీదను పల్లెలు తిరిగి, సంఘమును పోషించు భారము సంఘముదే అని బోధించెను. వంటకు బియ్యము తీయునపుడు ఒక పిడికెడు కుండలో వేరుగా వేయు అలవాటు ఆ కాలమున తెలుగు సంఘములన్నిటను వ్యాపించినది. ఏ సొసైటీయు చేయలేని పనిని ఆ కుండ చేసినది. కూలికి పోవు ఆడుది ఇచ్చిన బియ్యముతో బ్రతుకు బోధకుడు ఆమెకు సంజాయిషీ చెప్పవలసినవాడు.

1945 జనవరి 1న అజరయ్య మరణించెను. ఆయన గద్దెపై కూర్చున్నది ఇలియట్ అను పరదేశీయుడు. ఇలియట్ సమర్థుడే, ఏండ్ల తరబడి అచటనే సహాయ బిషప్పుగా పనిచేసినవాడే. అయినను ముప్పదిరెండేండ్ల దేశీయ పాలన పిమ్మట తెలుగు వారసుడొకడు సిద్ధముగా లేకపోయెనా, ఉండియు ఎంపిక కాలేకపోయెనా అని ఆలోచింపవలసియున్నది. ఒకమారు చేతులు మారినంతమాత్రమున రెండవమారు మారుట సులభము కాదు.

లూథరనులు నియమావళి మార్గమున పోయిరి. గుంటూరు, రాజమహేంద్రవరము మిషనులు కలిసిన పిమ్మట 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘము ఏర్పడినది. పేరు ఆంధ్ర సంఘమే గాని అధ్యక్షుడు అమెరికా మిషనరీ. ఇ. ప్రకాశంగారు తొలి దేశీయాధ్యక్షులుగా ఎన్నుకొనబడినది 1944లో. హయ్యరు గుంటూరు చేరిన నాటినుండి లెక్కించినచో నూటరెండేండ్లు పట్టినది. నడుమ 1938లో రాజమహేంద్రవరమున ముంగమూరి దేవదాసుగారు లూథరను సంఘమునుండి వేరుపడి బైబిలు మిషనును స్థాపించిరి. ఎవరో అప్పగించువరకు కాచుకొనియుండుట ఆయనకు నచ్చలేదు. ఆంధ్రదేశమున తెలుగువాడు స్వయముగా నెలకొల్పి, పరదేశపు ధనముతో నిమిత్తము లేకయే విస్తరించిన సంఘములలో అది ముఖ్యమైనది.

కొన్నిచోట్ల అప్పగింతను యుద్ధము చేసినది. 1914లో ఇంగ్లీషువారికిని జర్మనులకును యుద్ధము రాగా, సాలూరు, పార్వతీపురము, జయపురము ప్రాంతముల పనిచేయుచున్న జర్మను మిషనరీలు నిర్బంధింపబడి పంపివేయబడిరి. రాజమహేంద్రవరపు అమెరికావారు ఆ సంఘములను పైనుండి చూచుచుండిరి గాని, దినదినము నడపినవారు దేశీయులే. ఏండ్ల తరబడి సిద్ధముగా లేరనబడినవారు ఒక్క నెలలో సిద్ధమైరి!

స్వాతంత్ర్యము వచ్చిన కొలది వారములకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. పిమ్మటి దశాబ్దములలో పరదేశ మిషనరీలకు ప్రవేశానుమతులు కష్టమైనవి. వృద్ధులు వెడలిపోవుచుండ క్రొత్తవారు రాలేదు. అపుడు తాళపుచెవుల సంగతి ముందుకు వచ్చినది. బంగళాలు, బడులు, ఆస్పత్రులు, నడుమ ఖాళీస్థలములు వీనిని ఒకప్పుడు కారుచవుకగా కొన్నారు. పట్టణములు పెరిగి వాని విలువ వందల రెట్లు పెరిగినది. మాట విషయమున ఎన్నడును తగవులాడనివారు స్థలముల విషయమున కోర్టులకెక్కిరి. ఆంధ్రదేశమున ఏ మిషను సంఘమును ఈ వ్యాజ్యములనుండి పూర్తిగా తప్పించుకొనలేదు. దీనికి దేశీయుల స్వభావమే కారణమని కొందరు దొరలు వ్రాసిరి. నేను ఒప్పుకొనను. నూరేండ్లు లెక్కపుస్తకము చూపక, ఒక దినమున ఇనుపపెట్టె తాళములు చేతిలో పెట్టినచో ఏ జాతివారైనను అట్లే తడబడుదురు. కుమారునికి ముప్పదియేండ్లు వచ్చువరకు పొలము సంగతి చెప్పని తండ్రి ఇంటిలో ఏమగునో మన పల్లెలవారు ఎరుగుదురు.

కోనసీమలో మరియొక చిక్కు కలదు. అది బయటివారికి తెలియనిది. ఇచటి సంఘములలో హెచ్చుమంది దళితులు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు మాత్రమే పరిమితము చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రమున 1970లో వారిని వెనుకబడిన తరగతుల సి విభాగమున చేర్చి నూటికి ఒక పాలు రిజర్వేషను ఇచ్చిరి. దీని ఫలితము సంఘముల నాయకత్వముపై నేరుగా పడినది. చదువుకొన్న యువకుడు బోధకుడనో సంఘపెద్దననో బహిరంగముగా పేరు వ్రాయించుకొనినచో అతని కులధ్రువపత్రమునకు ముప్పు. బడిపంతులు పని, గుమాస్తా పని, విద్యార్థివేతనము, ఎన్నికలలో పోటీచేయు హక్కు, ఇన్నియు దానిమీద ఆధారపడియున్నవి. కనుక తెలివిగలవారు పలువురు వెనుక వరుసలలో కూర్చుండిరి. అప్పగించువారు సిద్ధమైన కాలమునకు పుచ్చుకొనవలసినవారికి చేయి చాపుటకు వీలులేని స్థితి వచ్చినది. ఈ విషయమున తప్పెవరిది అని తీర్పుచెప్పుట నా పని కాదు. వారసులు కరవైరని పెద్దలు వాపోవునపుడు ఈ కారణమును మరువకుందురుగాక.

మొదటి తరములవారి సాహసమును కూడ ఇచటనే చెప్పవలెను. సోమవారమునుండి శనివారమువరకు ఆసామి పొలమున గట్టు క్రింద నిలిచి మాటలాడవలసిన పాలేరు, ఆదివారమునాడు లేచి నిలువబడి వాక్యము చెప్పెను, రొట్టె విరిచెను, తగవు తీర్చెను. రెండు వాడలవారు ఒకే గిన్నెను పెదవులకు తాకించుట నేడు వినుటకు చిన్న సంగతిగా తోచవచ్చును. ఆనాడు అందుకై మాటలు పడినవారున్నారు, విందులు మానుకొన్నవారున్నారు. ఈ వాడ పెద్దా, ఆ వాడ పెద్దా అను పోటీలు పిమ్మట కూడ పుట్టినవి. పూర్తిగా చల్లారినవని చెప్పజాలను.

నేడు అమలాపురము కేంద్రముగా 2022లో క్రొత్త జిల్లా ఏర్పడిన ఈ సీమలో సహోదరుల సంఘములు, లూథరను, బాప్టిస్టు మందిరములు, స్వతంత్ర ప్రార్థనాశాలలు ఊరూర కలవు. స్వతంత్ర సంఘములలో పెత్తనము మరల తండ్రినుండి కుమారునికి పోవుట చూచుచున్నాము. నరసాపురమున 1853లో జరిగినదే ఇది, మనుష్యులు మారిరి. పాత సహోదరుల సంఘములలో మాత్రము పెద్దలు నలుగురైదుగురు కూడి నడపు వాడుక నిలిచియున్నది. కోతపండుగనాడు వరికంకులు, అరటిగెలలు, తొలికాపు కొబ్బరికాయలు, కోళ్లు, గ్రుడ్లు తెచ్చి మందిరమున పెట్టుదురు. ఆరాధన ముగిసిన పిమ్మట వేలముపాట జరుగును. రూపాయి విలువచేయు కాయకు పదిరూపాయలు పాడువారు, పాడి మరల కానుకగా ఇచ్చివేయువారు ఉందురు. ఆ సొమ్మును అందరి యెదుటను లెక్కించి, పుస్తకమున వ్రాసి, ఇద్దరు పెద్దలు సంతకము చేయుదురు.